గట్టు జరిపితే ఊరుకుంటామా?

మా ఇంట్లో దస్తావేజుల పెట్టె ఒకటుంది. అందులో అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం, కల్లూరులో మా నాన్న కొన్న మూడు సెంట్ల స్థలానిది. ఆయన కొన్నప్పుడు కల్లూరంటే కర్నూలు పక్కనున్న ఊరు. ఇప్పుడు ఊరూ నగరమూ కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో చెప్పడమే కష్టం. నాన్న పోయిన రెండేళ్లకు పక్క స్థలం ఆయన గోడ కట్టడం మొదలుపెట్టాడు. అమ్మకు ఎందుకో అనుమానమొచ్చింది. టేపు పెట్టి కొలిపిస్తే ఆ గోడ మా స్థలంలోకి నాలుగడుగులు వచ్చేసి ఉంది. ఇదేమని అడిగితే ఆయన తన కాగితం తెచ్చి చూపించాడు. అందులో చెక్కుబంది మరోలా ఉంది. పడమటి హద్దు కాడ మా నాన్న పేరే లేదు. "రిజిస్టరయిపోయిన కాగితమమ్మా, ఇంకేం మాట్లాడతావు?" అన్నాడు.

మా అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. అయినా తడుముకోకుండా అంది. "కాగితం మీద రాసుకుంటే అయిపోతాదా? రాసుకునేటప్పుడు నన్ను పిలిచినారా? స్థలం కాడికొచ్చి ఎవురన్నా చూసినారా?"

ఈ మధ్య పేటెంట్ల గురించి పేపర్లో ఏ వార్త చదివినా నాకు అమ్మ మాటే గుర్తొస్తోంది. పేటెంట్లంటే ఢిల్లీలోనో, అమెరికాలోనో కోటు వేసుకున్న లాయర్లు మాట్లాడుకునే సంగతి, మనకెందుకులే అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ వంటింట్లో పసుపు డబ్బా, వాకిట్లో వేపచెట్టు, చిన్నమ్మ చేలో పత్తి గింజ, జబ్బుపడ్డ పిల్లకు తాగించే మందు సీసా... వీటన్నిటి మీదా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెక్కుబంది రాసుకున్నారని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. నాకు అర్థమైనంత వరకు మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

పేటెంటులో చెక్కుబంది

పేటెంటంటే ఒక ఒప్పందం. ఎవరైనా కొత్త వస్తువో, కొత్త పద్ధతో కనిపెడితే, దాని గుట్టు మొత్తం కాగితం మీద రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. అందుకు బదులుగా ప్రభుత్వం ఇరవై ఏళ్ల పాటు ఆ వస్తువు మీద గుత్తహక్కు ఇస్తుంది. వాళ్ల అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని తయారు చేయకూడదు, అమ్మకూడదు. ఇరవై ఏళ్లయ్యాక ఆ గుట్టు అందరిదీ అవుతుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. కష్టపడి కనిపెట్టినవాళ్లకు ఫలితం దక్కొద్దని ఎవరంటారు?

చిక్కంతా హద్దుల దగ్గరుంది. పేటెంటు కాగితంలో రెండు భాగాలుంటాయి. ఒకటి, తాము ఏం చేశామో చెప్పే వివరణ. రెండోది, ఇంతవరకూ మాది అని గీసుకునే క్లెయిములు. అవే పేటెంటుకు చెక్కుబంది. చేసింది మూడు సెంట్లంత పని అయితే మూడు సెంట్లకే హద్దు రాసుకోవాలి. కానీ రాసేది లాయరు, రాయించుకునేది కంపెనీ. ఎంత విశాలంగా రాసుకుంటే అంత లాభం. ఒక గదికి తాళం కనిపెట్టినవాడు ఊళ్లో తలుపులన్నీ నావే అన్నట్టు రాసుకుంటాడు. ఆఫీసులో చూసేవాళ్లు పట్టుకుంటే సరే, లేకపోతే ఆ కాగితానికి ముద్ర పడిపోతుంది. ముద్ర పడ్డాక దాన్ని చెరిపించాల్సిన భారం అవతలివాళ్ల మీద పడుతుంది.

మన చట్టంలో దీనికి విరుగుడు లేకపోలేదు. 1970 నాటి పేటెంట్ల చట్టం పదో సెక్షన్, క్లెయిములు స్పష్టంగా, క్లుప్తంగా, వివరణలో చెప్పినదాని మీద ఆధారపడి ఉండాలని చెబుతోంది. అంటే చేసినంత మేరకే హద్దు. చట్టం పుస్తకంలో ఉన్నది పని జరిగే చోట ఎంతవరకు అమలవుతోందన్నదే ప్రశ్న.

పసుపు, వేప, బాసుమతి

మనలో చాలామందికి గుర్తుండే కథ పసుపుది. 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు వచ్చింది. దేనికి? గాయం మానడానికి పసుపు పొడి వాడటానికి. పూసినా, తాగించినా సరే, ఆ పద్ధతి వాళ్లదేనట! చేయి తెగితే పసుపు అద్దడం మన ఇళ్లలో నడక రాని పిల్లకు కూడా తెలిసిన వైద్యం. తమాషా ఏమంటే, ఆ పేటెంటు తీసుకున్న ఇద్దరు శాస్త్రవేత్తలూ భారతీయ మూలాలున్నవాళ్లే. కాబట్టి ఇది తెల్లవాళ్లకూ మనకూ మధ్య తగాదా అనుకుంటే పొరపాటు. ఎంత అడిగితే అంతా ఇచ్చేసే పద్ధతిలో ఉంది తప్పు.

మన దేశం తరఫున సీఎస్ఐఆర్ అనే శాస్త్ర పరిశోధన మండలి 1996లో దాన్ని సవాలు చేసింది. పసుపు వైద్యం మనకు కొత్త కాదని చూపడానికి 32 ఆధారాలు పోగుచేసింది. వాటిలో పాత సంస్కృత గ్రంథమూ ఉంది, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసమూ ఉంది. 1997లో అమెరికా పేటెంటు ఆఫీసు ఆ క్లెయిములను కొట్టేసింది.

ఒక్క మాట గమనించండి. మన అవ్వలు, జేజిలు తరతరాలుగా చేసిన వైద్యం అక్కడ సాక్ష్యం కాలేదు. ఎక్కడో అచ్చయిన కాగితం సాక్ష్యమైంది. ఆడవాళ్ల నోట్లో, చేతుల్లో ఉన్న తెలివికి రాతకోతలు లేవు. రాతలేని భూమిని కాజేయడం తేలిక అని మన సీమలో వేరే చెప్పాలా?

వేప కథ ఇంకా పొడుగు. వేపనూనె నుంచి తీసిన సారంతో మొక్కలకు పట్టే బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యు.ఆర్. గ్రేస్ అనే కంపెనీకి కలిపి 1994లో యూరోపు పేటెంటు ఆఫీసు హక్కు ఇచ్చింది. మరుసటి సంవత్సరం ముగ్గురు ఆడవాళ్లు దాని మీద అభ్యంతరం వేశారు. మన దేశం నుంచి వందనా శివ, యూరోపు పార్లమెంటులో గ్రీన్ పార్టీకి చెందిన మగ్దా ఆల్వోయెట్, సేంద్రియ వ్యవసాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య తరఫున లిండా బుల్లార్డ్. పేటెంటు రావడానికి చాలా ముందే ఇక్కడ వేపతో అలాంటి మందు తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ మనిషి అక్కడిదాకా వెళ్లి సాక్ష్యం చెప్పాడు. 2000 మే నెలలో ఆ పేటెంటు రద్దయింది. కంపెనీ వాళ్లు అప్పీలుకు వెళితే 2005 మార్చి 8న అది కూడా పోయింది. మార్చి 8 మహిళా దినోత్సవం కావడం యాదృచ్ఛికమే అనుకోండి, అయినా తలచుకుంటే సంతోషంగా ఉంటుంది.

సంతోషం సరే, లెక్క కూడా చూడాలి. 1995లో వేసిన అభ్యంతరం 2005లో తేలింది. పదేళ్లు! అదీ ప్రపంచంలో పేరున్నవాళ్లు పట్టుపట్టి పోరాడితే.

మూడోది బాసుమతి. అమెరికాలో టెక్సాస్‌కు చెందిన రైస్‌టెక్ కంపెనీ 1997లో బాసుమతి రకం వరి, దాని గింజల గుణాల మీద ఇరవై క్లెయిములతో పేటెంటు తెచ్చుకుంది. మన దేశం సవాలు చేశాక కంపెనీ కొన్నిటిని తనే వదులుకుంది, 2001లో మిగిలినవాటిలో చాలావరకు ఆఫీసు కొట్టేసింది. చివరికి కంపెనీ సొంతంగా పెంచిన మూడు రకాల వరికే ఆ హక్కు మిగిలింది. నాకు ఈ మూడో కథే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకంటే అక్కడ కనిపెట్టినవాడి కష్టాన్ని ఎవరూ కాదనలేదు. జరిపిన గట్టును మాత్రం వెనక్కు జరిపించారు. పేటెంట్ల సంస్కరణ అంటే నా దృష్టిలో ఇదే.

చిన్నమ్మ చేలో పత్తి గింజ

ఇక మన జిల్లా సంగతికొద్దాం. మా చిన్నమ్మ వాళ్లది ఆదోని వైపు. వానను నమ్ముకున్న నల్లరేగడి చేను. బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లాను. చిన్నమ్మ అరుగు మీద కూర్చొని విత్తనాల పాకెట్టు అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఏమే పాపా, నువ్వు సదువుకున్నదానివి కదా, చెప్పు. భూమి నాది. ఎరువు నాది. వాన ఆ దేవునిది. ఈ గింజలోపల ఇంకొకాయప్ప ఉండాడంట, ఆయప్పకు లెక్క కట్టాలంట. ఇదేం కతనే?"

గింజలోపల ఉన్న ఆ 'ఆయప్ప' మొన్‌శాంటో అనే అమెరికా కంపెనీ. కాయతొలుచు పురుగును చంపే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. 2002 మార్చిలో మన దేశంలో దానికి అనుమతి వచ్చింది. విత్తనాల కంపెనీలు ఆ జన్యువు వాడుకున్నందుకు పాకెట్టుకింత అని రాయల్టీ కట్టాలి. ఆ భారం చివరకు రైతు మీదే పడుతుంది. 450 గ్రాముల పాకెట్టు మీద ఒక దశలో 1,250 రూపాయలు ఈ రాయల్టీకే పోయాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తవ్యాపారాల నియంత్రణ కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాదే పాకెట్టు ధర 750 రూపాయలు దాటకూడదని కట్టడి చేసింది. మరుసటి ఏడాది పత్తి విత్తనాల కోసం ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది. దేశంలో మొదట ఎదురు తిరిగింది మన రాష్ట్రమే. ఈ సంగతి మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ఇక్కడొక విచిత్రముంది. మొదట వచ్చిన బీటీ పత్తి జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. అయినా కంపెనీల మధ్య ఒప్పందాల పేరుతో రాయల్టీ వసూలైంది. దస్తావేజు లేని స్థలానికి అద్దె వసూలు చేసినట్టన్నమాట. 2006లో వచ్చిన రెండో రకానికి 2008లో పేటెంటు వచ్చింది. ఇక దాని చెక్కుబంది గురించి పెద్ద తగాదా నడిచింది. మన చట్టం ప్రకారం మొక్కకు, విత్తనానికి పేటెంటు ఇవ్వకూడదు. 'మాది విత్తనం మీద హక్కు కాదు, అందులో ప్రయోగశాలలో తయారైన జన్యు వరుస మీద' అన్నది కంపెనీ వాదన. 'ఆ వరుస గింజలోకి చేరి మొలకెత్తాక అది మొక్కలో భాగం కాదా' అన్నది హైదరాబాదు కంపెనీ నూజివీడు సీడ్స్ వాదన. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి, సాక్ష్యాలు చూసి విచారణ పూర్తి చేయాలని కేసును వెనక్కు పంపింది. ఆ ఏడాదే పేటెంటు గడువు ముగిసింది. 2021లో కంపెనీలు రాజీ పడ్డాయి. గింజలోపలి జన్యువుకు హద్దు ఎక్కడన్న ప్రశ్న మాత్రం తేలకుండానే మిగిలింది.

ఈలోగా కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2016లో రాయల్టీని 49 రూపాయలకు తగ్గించి, ఆ తర్వాత 39కి, 20కి దించి, 2020లో పూర్తిగా తీసేసింది. ఇందులో పత్తి రైతు కోసం పోరాడింది విత్తనాల కంపెనీలే అని నేననను. వాళ్ల లాభం వాళ్లది. రెండు పెద్ద ఎద్దులు కుమ్ముకుంటే మధ్యలో గడ్డికి కాస్త ఊపిరాడింది, అంతే.

ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఒప్పదు. మన కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో సంకర పత్తి విత్తనం తయారీ పెద్ద పని. ఒక్కొక్క పువ్వునూ చేత్తో విప్పి, పుప్పొడి అద్ది క్రాసింగ్ చేస్తారు. తెల్లవారుజామునే చేలోకి వెళ్లి ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, ఆడపిల్లలు. బడి మానేసి ఆ చేలల్లో వేళ్లు నల్లబడేలా పనిచేసిన పిల్లల గురించి ఎన్నోసార్లు పేపర్లలో వచ్చింది. గింజలోపలి జన్యువుకు యజమాని ఉన్నాడు, ఆ గింజను పుట్టించిన చేతికి మాత్రం రోజుకూలీ. హక్కులు గీసుకునేటప్పుడు ఎవరి కష్టం లెక్కకొస్తుంది, ఎవరిది రాదు అన్నది ఇక్కడే కనిపిస్తుంది.

మందు సీసా మీద

విత్తనం ధర ఎక్కువైతే వచ్చే ఏడు వేరే పంట వేస్తాం. మందుకు వేరే దారి లేదు. ఈ గట్టు తగాదా ప్రాణం మీదికొచ్చేది అక్కడే.

ఎస్ఎంఏ అని ఒక జబ్బుంది. వెన్నుపాములోని నరాల కణాలు దెబ్బతిని కండరాలు క్రమంగా చచ్చుబడతాయి. పుట్టుకతో వస్తుంది. కొందరు పిల్లలు కూర్చోలేరు, మెడ నిలపలేరు. దీనికి రిస్డిప్లాం అనే మందు స్విట్జర్లాండు కంపెనీ రోష్ అమ్ముతోంది. ఒక్క సీసా ఆరు లక్షల రూపాయల పైమాట. కేరళకు చెందిన ఒక యువతి ఈ మందు కోసం కోర్టు మెట్లెక్కిందంటే ఆ ఇళ్లలో పరిస్థితి ఊహించుకోండి. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా అదే మందు తయారు చేస్తామంటే, మా పేటెంటు 2035 దాకా ఉందని రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

ఇక్కడే చెక్కుబంది సంగతి బయటపడింది. కంపెనీలు ముందు ఒక పెద్ద దరఖాస్తు వేస్తాయి. ఒక రసాయనం బొమ్మ గీసి, ఈ మూలన ఇది పెట్టొచ్చు, ఆ మూలన అది పెట్టొచ్చు అని రాస్తే, ఒకే వాక్యంలో వేల రసాయనాలు ఆ గొడుగు కిందికొచ్చేస్తాయి. తర్వాత కొన్నేళ్లకు అందులోంచి ఒకదాన్ని కొద్దిగా మార్చి, ఇది వేరే ఆవిష్కరణ అని మరో దరఖాస్తు వేస్తాయి. మొదటిది అంత విశాలంగా నీదే అంటే, రెండోదానిలో కొత్తేముంది? రెండోది నిజంగా కొత్తదైతే, మొదటిది అంత విశాలంగా ఎలా రాసుకున్నావు? 2025 మార్చిలో ఏకసభ్య ధర్మాసనం, అక్టోబరు 9న ద్విసభ్య ధర్మాసనం నాట్కోను ఆపడానికి ఒప్పుకోలేదు. ముందటి దరఖాస్తులోని ఒక రసాయనానికీ రిస్డిప్లాంకూ తేడా చాలా స్వల్పమనీ, ఆ పేటెంటు చెల్లదనే వాదనలో బలముందనీ అభిప్రాయపడ్డాయి. అక్టోబరు 17న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నాట్కో తన సీసా ధర 15,900 రూపాయలని ప్రకటించింది. ఇది మధ్యంతర దశలో వచ్చిన తీర్పే. కానీ ఆరు లక్షలకూ పదహారు వేలకూ మధ్య తేడా ఒక తల్లికి ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి వాదనకు దారి వేసింది 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన గ్లివెక్ తీర్పు. రక్త క్యాన్సరు మందు పాతదానికే కొత్త రూపమిచ్చి పేటెంటు అడిగితే, చట్టంలోని 3(డి) సెక్షన్ ప్రకారం రోగికి మేలు పెరిగిందని చూపాలి, చూపలేదు కాబట్టి కుదరదంది. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పింది. హద్దు గీసేది విశాలంగా, గుట్టు విప్పేది కొంచెంగా అంటే మన చట్టం ఒప్పుకోదు అని. నా మాటల్లో చెప్పాలంటే, ఎంత చూపిస్తే అంతే చెక్కుబంది.

అన్ని దేశాల్లో ఇలా లేదు. అమెరికాలో కీళ్లవాతానికి వాడే హ్యుమిరా అనే మందుకు మూల పేటెంటు 2016లోనే ముగిసింది. దాని చుట్టూ వందకు పైగా పేటెంట్లు ముళ్లకంపలా పేర్చి పెట్టడంతో, అక్కడివాళ్లకు పోటీ మందు అందేసరికి 2023 అయింది.

చిన్న తలుపు, దానికీ గొళ్లెం

మన చట్టంలో ఉన్న మంచి సదుపాయం ఇంకొకటి చెప్పాలి. పేటెంటు ముద్ర పడకముందే ఎవరైనా సరే, 'అయ్యా, ఇది కొత్తది కాదు' అని అభ్యంతరం రాసి పెట్టవచ్చు. కంపెనీ అయి ఉండక్కర్లేదు. రోగి రాయవచ్చు, రైతు రాయవచ్చు. మా అమ్మ అడిగింది ఇదే కదా, రాసేటప్పుడు నన్ను పిలిచినారా అని!

క్షయ మందు బెడాక్విలిన్ విషయంలో ఈ తలుపు తట్టింది ఇద్దరు యువతులు. ముంబయికి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. ఇద్దరూ మొండి క్షయను జయించినవాళ్లు. పాత మందుల దుష్ఫలితంతో ఇద్దరికీ వినికిడి పోయింది. తమకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని 2019లో అభ్యంతరం వేశారు. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మూల పేటెంటు 2023లో ముగియాలి. ఆ మందు లవణ రూపం మీద మరో పేటెంటు వస్తే ఇంకో నాలుగేళ్లు పొడిగేది. 2023 మార్చిలో పేటెంటు ఆఫీసు దాన్ని తిరస్కరించింది. చెవులు వినపడని ఇద్దరు ఆడపిల్లల మాట దేశమంతా విన్నట్టయింది.

ఆ మరుసటి ఏడాది, 2024 మార్చిలో, పేటెంటు నియమాలను సవరించారు. ఇప్పుడు అభ్యంతరం వేయాలంటే రుసుము కట్టాలి. వేసినా, అది విచారణకు తగినదా కాదా అని అధికారి ముందు తేల్చాలి. తగదంటే కంపెనీకి సంగతి చేరకుండానే ఆగిపోవచ్చు. పేటెంటును వాడుకలో పెట్టామో లేదో కంపెనీలు ఏటా చెప్పాల్సింది కాస్తా మూడేళ్లకోసారి అయింది. పనికిమాలిన అభ్యంతరాలతో ఆలస్యమవుతోందని కంపెనీలు గోల పెట్టడమే దీనికి కారణం. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. బినామీ పేర్లతో అభ్యంతరాలు వేసేవాళ్లూ ఉన్నారు. కానీ దొంగ రోగులొస్తున్నారని ఆస్పత్రి తలుపు సగం మూస్తామా?

మరి ఏం చేయాలి?

పేటెంట్లే వద్దనే వాదన నాది కాదు. మందు కనిపెట్టడానికి ఏళ్లు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి. ఆ ఖర్చు రాదంటే ఎవరూ పరిశోధన చేయరనేది కొట్టిపారేసే మాట కాదు. అయితే హద్దు మించిన పేటెంటు పరిశోధనకు కూడా శత్రువే. ఊరి తలుపులన్నీ నావే అని ఒకడు రాసుకుంటే, రేపు మంచి తాళం చేయాలనుకున్న ఇంకొకడు భయపడి మానుకుంటాడు. ఆ ఇంకొకడు మన యూనివర్సిటీలో చదివే పేదింటి అమ్మాయి కావచ్చు.

నాకు తోచినవి చెబుతాను. మొదటిది, చట్టంలో ఉన్న పదో సెక్షన్‌ను గట్టిగా పట్టుకోవాలి. చేసి చూపించినంత మేరకే హద్దు ఇవ్వాలి. వేల రసాయనాల గొడుగు పట్టినవాళ్లు, వాటిలో ఎన్నిటిని నిజంగా తయారుచేశారో చూపాలి. రెండోది, పరిశీలించే అధికారులు చాలినంతమంది ఉండాలి, ఒక్కొక్క దరఖాస్తుకు చాలినంత సమయం ఉండాలి. స్థలం చూడకుండా రిజిస్టరు చేసినట్టు కాకూడదు. మూడోది, అభ్యంతరం వేసే రోగులకు, రైతులకు, స్వచ్ఛంద సంఘాలకు రుసుము తీసేయాలి. నాలుగోది, ఏ మందు మీద ఏయే పేటెంట్లున్నాయో, ఎప్పుడు ముగుస్తాయో కంపెనీలే అందరికీ అర్థమయ్యే మాటల్లో ప్రకటించాలి. అయిదోది, తగాదా తేల్చడానికి గడువుండాలి. పత్తి కేసులో జరిగినట్టు పేటెంటు ఆయుష్షు తీరేదాకా విచారణ సాగితే గెలిచినా ఓడినా ఒకటే.

మన వంతు కూడా కొంత ఉంది. పసుపు కేసు తర్వాత 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ గ్రంథాల్లోని మందులను ఇంగ్లీషు, జపనీసు వంటి అయిదు విదేశీ భాషల్లోకి మార్చి, పేటెంటు ఆఫీసులు వెతుక్కునేలా పెట్టింది. మంచి పని. కానీ గ్రంథాలకెక్కనిది మన దగ్గర చాలా ఉంది. బాలింతకు పెట్టే కారం, పశువులకు కట్టే పసరు, కొర్రలకు పురుగు పట్టకుండా వేసే వేపాకు... ఇవన్నీ ఏ గ్రంథంలో ఉన్నాయి? 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మీ పంచాయతీలో అది ఉందా, అందులో ఏం రాశారు అని ఒకసారి అడగండి. పొదుపు సంఘం సమావేశంలో ఆ మాట ఎత్తండి. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లకు తెలిసింది చెప్పించి రాయించండి. ఆ సాక్ష్యం ఎప్పుడు అవసరమవుతుందో మనకు తెలియదు.

మా స్థలం సంగతి ఏమైందో చెప్పలేదు కదూ. అమ్మ సర్వేకు అర్జీ పెట్టింది. కొలతకు వచ్చినరోజు వీధి చివరి ఇంట్లో ఉండే ముసలవ్వను చేయి పట్టుకుని పిలుచుకొచ్చింది. ఆ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఒకచోట నిలబడి, "రాయి ఈడుండె. నేను దాని మీద కూసోని బీడీలు చుట్టిన" అంది. అక్కడ తవ్వితే మట్టిలో హద్దురాయి మొదలు కనిపించింది. గోడ వెనక్కు జరిగింది. పక్కాయన ఇల్లు కట్టుకున్నాడు, అమ్మ గృహప్రవేశానికి కూడా వెళ్లొచ్చింది.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె ఉండగానే పిలుచుకురావాలని అమ్మకు తోచింది కాబట్టి మా నాలుగడుగులు మాకు మిగిలాయి.